ఖాళీ అని చూపించిన డిస్కు

వాణ్ణి చంపింది మీరే. రోలర్లు కాదు. రోలర్లకు తెలివెక్కడిది, మధ్యలోకి ఏదొస్తే దాన్ని లాక్కుంటాయి, రబ్బరైనా ఒకటే, చెయ్యైనా ఒకటే. మిల్లు ఆపితే రబ్బరు చల్లబడి గట్టిపడుతుంది, గట్టిపడితే గీకడానికి పూటంతా పడుతుంది, అందుకని తిరుగుతుండగానే గీకండి అని చెప్పిన నోరు మీది. చచ్చాక "సొంత అజాగ్రత్త వల్ల" అని రాసిన చెయ్యి మీది. ఆ రాత నిలబడాలని, ఆస్పత్రి మంచం మీద జ్వరంతో మూలుగుతున్న ముసలివాడి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దిన చెయ్యి కూడా మీదే. ఇక విచారణ అధికారిగారూ, మీరేమన్నారు? కుర్చీలో వెనక్కి వాలి, "సాక్షి మాట మారుస్తానంటే ఇక్కడికొచ్చి చెప్పాలి. రాలేకపోతే గొంతు రికార్డు చేసి పట్రండి. మేం ఆస్పత్రుల చుట్టూ తిరగలేం" అన్నారు.

మీరు తిరగలేరు. ఎవరు ఎంత తిరిగారో వినండి.

పోయినవాడి అక్క కూడా ఆ చెప్పుల ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంది. మిల్లులో నలిగిన రబ్బరు షీటవుతుంది, షీటు ప్రెస్సులో చెప్పు అడుగు అవుతుంది, ఆ అడుగు అంచుల్లో మిగిలిన పీచును తిరిగే బ్లేడుకు పట్టించి కోసేయడం ఆమె పని. అందుకే అందరికీ ఆమె ట్రిమ్మింగ్ అక్క. తమ్ముడు పోయాక ఆమె ఏడవలేదు. గుండె రాయి చేసుకుంది అని ఆడవాళ్లు చెప్పుకున్నారు. అలాంటిదేం లేదు. ఏడుపు రాలేదు, అంతే. ఎవరైనా ముందు కంచం పెడితే తింది, తీసేస్తే లేచింది. ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక తల ఊపింది. కర్మకాండలవగానే పనిలోకి వచ్చేసింది. అడుగులు వస్తూనే ఉన్నాయి, ఆమె కోస్తూనే ఉంది. గోడకు అవతల అదే మిల్లు, అదే చప్పుడు.

ఆమెకు కావాల్సిందల్లా ఒక్కటి. ఆ "అజాగ్రత్త" అన్న మాట పోవాలి. వాడు అజాగ్రత్త మనిషి కాదు. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని ఈడ్చుకుంటూ నడిచే రకం కాదు, ఎక్కడున్నవాడు అక్కడే కూర్చుని కుట్టుకుని లేచే రకం.

ఆ మాట పోవాలంటే నోరు విప్పాల్సినవాడు మిల్లు బాబాయి. అదే మిల్లు మీద తమ్ముడి పక్కన రెండో మనిషి. చూసిందీ విన్నదీ అతనే. అతని గొంతులో గడ్డ. గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. తీసేశాక మెడకు పెట్టిన కన్నంలోంచి ఊపిరి పీలుస్తాడట, మాట మాత్రం ఇక రాదట. చదువు రాదు, వేలిముద్ర ముందే కంపెనీ కాగితం మీదికి పోయింది. గొంతొక్కటే మిగిలింది, అదీ ఆపరేషను దాకానే.

యూనియన్ సెక్రటరీ దగ్గర ఒక డిస్కు రికార్డరు ఉంది. అరచేతిలో ఇమిడే పెట్టె, అందులో ప్లాస్టిక్ తొడుగు వేసిన చిన్న డిస్కు. ఎవరో రేడియోవాళ్లు కొత్తది కొనుక్కుని ఇది వదిలించుకుంటే సెక్రటరీ తెచ్చుకున్నాడు. కన్నబిడ్డలా చూసుకుంటాడు దాన్ని.

"ఇది క్యాసెట్టు లాంటిది కాదక్కా. డిజిటల్. గరగర ఉండదు, టేపు నలగదు" అంటూ అన్నీ చూపించాడు. పక్కనున్న తాళం మీట జరిగి ఉంటే ఏ బటనూ పనిచేయదు. డిస్కు మూలనున్న చిన్న తలుపు తెరుచుకుని ఉంటే రికార్డు కాదు. మైకును మరీ నోటి దగ్గర పెట్టకూడదు, మాట పగిలిపోతుంది. ఆమె అన్నింటికీ ఊఁ కొట్టింది. అతను చెప్పనివి రెండు మిగిలాయి. ఆ తప్పులు ఎవరైనా చేస్తారని అతనికి తోచలేదు.

బాబాయి వార్డులో కిటికీ పక్క మంచం. ఆమెను చూడగానే లేచి కూర్చున్నాడు.

"ఏంటమ్మా అది, సబ్బుపెట్టెనా?"

"నీ గొంతు దాచే పెట్టె బాబాయ్."

"డాక్టరేమో కోసి పారేస్తానంటాడు, నువ్వేమో దాస్తానంటావు. ఇన్నాళ్లూ ఈ గొంతును మీ పిన్ని తప్ప ఎవరూ పట్టించుకోలేదు, అదీ నోర్ముయ్యమనడానికే. ఇప్పుడు చూడు గిరాకీ!"

పక్క మంచం మీదాయన నవ్వాడు. ఆమె నవ్వాల్సిన చోట పెదాలు కదిలించింది. ఆ రోజు బాబాయి చాలాసేపు చెప్పాడు. పెట్టె మీది చిన్న అద్దపు కిటికీలో అంకెలు తిరుగుతున్నాయి కదా, రికార్డవుతోందనే అనుకుంది. బయటకొచ్చి మెట్ల మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంటే ఏమీ లేదు. మొదటినుంచీ చివరిదాకా నిశ్శబ్దం.

సెక్రటరీ చూసి తల పట్టుకున్నాడు. "మైకు పక్క బొక్కలో పెట్టావక్కా. అది వేరే టేపురికార్డరు నుంచి తీగ వేసుకునేది. మైకుది దీని పక్కన."

"ఒకేలా ఉన్నాయిగా రెండూ."

"ఒకేలానే ఉంటాయి. చిన్న బొమ్మ ఉంటుంది, చూసుకోవాలి."

"మన మిల్లుకు ఆన్, ఆఫ్ బటన్లు కూడా ఒకే రంగు" అంది ఆమె. కోపంగా కాదు. ఊరికే గుర్తొచ్చి అన్నట్టు అంది. సెక్రటరీ సరైన బొక్క చుట్టూ గోళ్లరంగుతో ఎర్రగా సున్నా చుట్టి, వేరే డిస్కు వేసి ఇచ్చాడు.

ఆపరేషను మర్నాడనగా మళ్లీ వెళ్లింది. బాబాయి గొంతు అప్పటికే తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంటోంది. ఈసారి మైకు ఎర్ర సున్నాలోనే పెట్టింది. తాళం మీట చూసింది. చిన్న తలుపు చూసింది. అతను దగ్గితే పెట్టె కిటికీలో గీతలు పైకి లేచాయి. అంటే మాట లోపలికి వెళ్తోందన్నమాట.

"చెప్పు బాబాయ్."

"ఏం చెప్పేది, నిన్ననేగా అంతా చెప్పా. దానికి చెవుడైతే నాదా తప్పు?" అంటూనే సర్దుకుని కూర్చున్నాడు. "సరే. విను. నువ్వు కాదు, పెట్టె వినాలి. ఆ రోజు షీటు అంటుకుపోయింది. మీ తమ్ముడు అన్నాడు, 'సార్, ఆపి గీకుతాం' అని. సూపర్‌వైజరు, 'ఆపితే చల్లారిపోతుందిరా, అప్పుడు మీ తాత వచ్చి గీకుతాడా' అన్నాడు. నా రెండు చెవుల్తో విన్నా. రోలర్ల మీద ఒక కడ్డీ ఉంటుంది. మనిషి వాలితే ఒంటికి తగిలి మిల్లు దానంతట అదే ఆగిపోతుంది. ఊరికే తగిలి ఆగిపోతోందని దాన్ని తీగతో పైకి కట్టేయించారు. నేనే కట్టా. కట్టమన్నది ఆయనే. 'బాబూ, గీకేటప్పుడైనా కడ్డీ విప్పుకోనీండి' అని అడిగా. 'అసలే గొంతు పోయింది, ఎందుకు అరుస్తావు ముసలోడా' అన్నాడు. అందరూ నవ్వారు."

ఆగాడు. నీళ్లు తాగబోయాడు, మింగుడు పడలేదు, గ్లాసు పెట్టేశాడు.

"నేనూ నవ్వానమ్మా. అది కూడా ఉండనీ దాంట్లో."

"ఉంటుంది బాబాయ్."

"నవ్వుతుండగానే చొక్కా చెయ్యి పట్టేసింది."

తర్వాత చెప్పింది అక్క తలొంచుకుని వింది. ఆమె కళ్లు గీతల మీదే ఉన్నాయి. గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. తమ్ముడి పేరు వచ్చినప్పుడు కూడా అంతే లేచాయి, మీద దుప్పటి కప్పారు అన్నప్పుడు లేచినట్టే.

"వేలిముద్ర నాదే, ఒప్పుకుంటా. జ్వరంలో ఉన్నా. ఆస్పత్రి కాగితం అన్నారు. ఇక చాలమ్మా, నొప్పెడుతోంది."

ఆమె ఆపు బటన్ నొక్కింది. బాబాయి చెయ్యి చాపి పెట్టె లాక్కున్నాడు.

"బటన్ నొక్కితే ఆగినట్టేనా? ఇన్నేళ్లు మిషన్ల మధ్య బతికి నేర్చుకుంది ఇదేనా?"

ఆ ఫ్యాక్టరీలో బటన్‌ను ఎవరూ నమ్మరు. నొక్కాక కూడా రోలర్లు ఓ రెండు చుట్లు తిరుగుతాయి. ఒక్కోసారి ఆగి, వాటంతటవే మళ్లీ కదులుతాయి. అందుకే తమ్ముడు పోయిన మర్నాటినుంచీ కూలీలంతా ఒట్టు పెట్టుకున్నట్టు ఒకటే పద్ధతి పట్టారు: పని అయిందంటే ముందు మెయిన్ స్విచ్చి దించాలి, ఆ తర్వాతే మిగతా మాట. ఆమె కూడా తన బ్లేడు దగ్గర రోజూ అదే చేస్తోంది. కాబట్టి బాబాయి బొటనవేలితో పెట్టె వెనక మూత తీసి బ్యాటరీ లాగేస్తుంటే ఆమెకు అందులో తప్పేం కనిపించలేదు. కిటికీలో ఏవో ఇంగ్లీషు అక్షరాలు మెరుస్తూ మెరుస్తూ ఆరిపోయాయి.

"ఇదిగో, ఇప్పుడు ఆగింది" అన్నాడు బాబాయి, తృప్తిగా.

యూనియన్ ఆఫీసులో సెక్రటరీ బ్యాటరీ వేశాడు. డిస్కు గుర్రుమని తిరిగి ఆగింది. అతను కిటికీలో అక్షరాలు చదివి, డిస్కు తీసి, ఊది, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

"ఖాళీ డిస్కు అంటోందక్కా."

"మైకు ఎర్ర సున్నాలోనే పెట్టా. గీతలు కూడా లేచాయి."

"ఏం చేశావు మరి? ఎక్కడైనా పడేశావా? అయస్కాంతాల దగ్గర పెట్టావా? ఒక్క పని, ఒక్క పని చెప్తే..." అని అరిచి, ఆమె మొహం చూసి చప్పున నోరు మూసుకున్నాడు. ఆ మొహంలో ఏమీ లేదు. ఏదైనా ఉంటే ఇంకాసేపు అరిచేవాడే. "పద, ఇప్పుడే వెళ్లి మళ్లీ చెప్పిద్దాం" అన్నాడు.

వెళ్లేసరికి కిటికీ పక్క మంచం ఖాళీ. ముందున్న పేషెంటుకు జ్వరం వచ్చిందని అతన్ని ఆపి, బాబాయిని ముందుకు జరిపారట. లోపలికి తీసుకెళ్లిపోయారు. "వెళ్తూ వెళ్తూ కూడా జోకులేశాడండీ" అన్నాడు పక్క మంచం మీదాయన. "నేను మాట్లాడింది చాలు, ఇక మీరు మాట్లాడుకోండి అన్నాడు."

మెడకు కట్టుతో బాబాయిని బయటికి తెచ్చాక చూడనిచ్చారు. ఆమెను చూసి కనుబొమలు ఎగరేశాడు. రెండు వేళ్లు చెవుల్లో పెట్టుకుని, ఎలా ఉంది అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"బాగా వచ్చింది బాబాయ్. ప్రతి ముక్కా వినపడుతోంది."

అతను కళ్లు మూసుకున్నాడు. అబద్ధం ఆడానని ఆమెకు అనిపించలేదు. నిజం చెప్పినా ఇలాగే ఉండేదేమో.

టీవీలూ కెమెరాలూ బాగుచేసే మేస్త్రి కొట్టు ఒక మేడమెట్ల కింద ఉంది. నిలబడితే తల తగులుతుంది కాబట్టి వచ్చినవాళ్లంతా స్టూలు మీద కూర్చోవాల్సిందే. మేస్త్రి పెట్టెను తిప్పి చూశాడు.

"ఇలాంటివి మా దగ్గరికి రావమ్మా. కొన్నవాళ్లు దాచుకుంటారు, లేకపోతే పారేస్తారు. రికార్డు చేసే హెడ్డు మురికి పట్టి ఉంటుంది, తుడిస్తే సరి." తుడిచాడు. ఖాళీ. "అయితే బ్యాటరీ వీక్." కొత్తది వేశాడు. ఖాళీ. "ఉండు, అసలు రికార్డవుతోందో లేదో చూద్దాం" అని ఎర్ర బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆగన్నా" అంది ఆమె. "ఇందులో ఇప్పుడు నువ్వేదైనా ఎక్కిస్తే, కింద ఉన్నది పోదా?"

మేస్త్రి వేలు గాల్లోనే ఉండిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "పోతుంది. పోయేదే." పెట్టెను దూరంగా జరిపి నుదురు తుడుచుకున్నాడు. "ఎవరి గొంతమ్మా అది?"

ఆమె చెప్పింది. బ్యాటరీ లాగిన సంగతి కూడా చెప్పింది, అదేదో మంచిపని చేసినట్టే. మేస్త్రి అక్కడ ఆపాడు.

"ఆపు నొక్కాక కిటికీలో ఏవైనా అక్షరాలు మెరిశాయా?"

"మెరిశాయి."

"అయ్యో, అదేనమ్మా. ఇది మాటల్ని డిస్కు మీద రాసుకుంటూ పోతుంది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిందో చెప్పే సూచిక మాత్రం అన్నీ అయ్యాక రాస్తుంది. అక్షరాలు మెరిసేది అప్పుడే. ఆ కాస్తసేపు కరెంటు ఉండాలి. మీరు తీసేశారు. ఇప్పుడు సూచికలో ఏమీ లేదు కాబట్టి డిస్కులోనూ ఏమీ లేదనుకుంటోంది."

"మరి మాటలు?"

"ఉంటాయి. ఎక్కడికి పోతాయి? ఉన్నాయని దానికి తెలియదంతే."

ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. మెయిన్ దించని రోజు తమ్ముడు పోయాడు. దించిన రోజు మాట పోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు. బాబాయికి మాత్రం ఈ సంగతి చెప్పకూడదనుకుంది.

మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. తానెప్పుడూ చేయలేదు, ఎవరో చేస్తే విన్నాడు. అలాంటిదే ఇంకో డిస్కు తెచ్చి, మొదటినుంచీ చివరిదాకా ఏమీ లేని చప్పుడే నింపాలి. అప్పుడు దాని సూచికలో, డిస్కంతా ఒకటే రికార్డు అని ఉంటుంది. ఆ సూచిక మళ్లీ రాయబోయే క్షణంలో, మూత తెరిచారని పెట్టెకు తెలియకుండా లోపలి మీటను టేపుతో అదిమిపెట్టి, డిస్కు మార్చేయాలి. పెట్టె మోసపోయి ఆ సూచికను ఈ డిస్కు మీద రాస్తుంది.

"కుదరకపోతే?"

"కుదరకపోతే నన్ను తిట్టుకోకు. సగానికి సగం."

"ఇప్పుడున్నది సున్నా కదన్నా. చెయ్యి."

సెక్రటరీ డిస్కు తెచ్చాడు. నిశ్శబ్దంతో డిస్కు నిండేదాకా ముగ్గురూ ఆ మెట్ల కింద కూర్చున్నారు. మైకు లేకపోయినా ఎందుకో ముగ్గురూ గొంతు తగ్గించే మాట్లాడారు. ఒకాయన రిమోటు పట్టుకొచ్చి గొడవ పెట్టుకుంటే, "అన్నా, లోపల ఆపరేషను జరుగుతోంది, తర్వాత రా" అని మేస్త్రి పంపేశాడు. టీ వచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయింది.

మేస్త్రి పెట్టె పైమూత విప్పాడు. టేపు ముక్క నాలుకతో తడిపి, అది అలా అంటుకోదని గుర్తొచ్చి, తనను తానే తిట్టుకుని, వేలితోనే మీటను అదిమాడు. డిస్కు మార్చాడు. ఆపు నొక్కాడు. అక్షరాలు మెరిశాయి. ముగ్గురిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అక్షరాలు ఆరిపోయాక కూడా ముట్టుకోలేదు.

"నువ్వే పెట్టుకోమ్మా" అన్నాడు మేస్త్రి చివరికి.

చెవుల్లో మొదట దగ్గు వినిపించింది. తర్వాత, "ఏం చెప్పేది, నిన్ననేగా అంతా చెప్పా." అంతా ఉంది. మీ తాత వచ్చి గీకుతాడా ఉంది, తీగతో కట్టిన కడ్డీ ఉంది, నేనూ నవ్వానమ్మా ఉంది. "ఇక చాలమ్మా, నొప్పెడుతోంది" దగ్గర గొంతు ఆగి, దాని వెనకనుంచి పాత మీటింగులో సెక్రటరీ ఉపన్యాసం అందుకుంది. అంతకుముందు అదే డిస్కు మీద అతను ఎక్కించుకుని చెరిపేసినది, కింద మిగిలిపోయింది. ఆమె తీసి సెక్రటరీకి ఇచ్చింది. విన్నాక అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమెకు ఏడుపు వస్తుందేమోనని మేస్త్రి నీళ్లు తెచ్చాడు. ఆమె తాగింది. దాహం వేసింది మరి.

విచారణ గదిలో పొడుగు బల్ల. ఒక వైపు అధికారి, ఆయన పక్కన కంపెనీ మేనేజరు, ఆ పక్కన సూపర్‌వైజరు, చేతులు కట్టుకుని. ఇటు ఆమె, సెక్రటరీ. ఆమె పెట్టెను బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడు అధికారి.

"మీరు తెమ్మన్న గొంతు."

మేనేజరు ముందుకు వంగాడు. "సార్, ఈ డిస్కును రిపేరు కొట్టులో విప్పించారని మాకు తెలిసింది. పైగా ఇందులో వాళ్ల యూనియన్ మీటింగు కూడా ఉందట. ఏది ఎక్కడ అతికించారో ఎవరికి తెలుసు?"

"మీకెలా తెలిసింది?" అన్నాడు సెక్రటరీ.

"ఊళ్లో అందరికీ తెలిసిందేనయ్యా."

అధికారి గడియారం చూసుకున్నాడు. "నిజమే, సాంకేతికంగా పరిశీలించాలి. డిస్కు ఇక్కడ వదిలి వెళ్లండి. పరిశీలన పూర్తయ్యాక కబురు చేస్తాం. ప్రస్తుతానికి వాయిదా."

సెక్రటరీ లేచి అరవబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. తను లేచింది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. బ్లేడు దగ్గర నిలబడి, ఆ అడుగుల బుట్ట ఇటివ్వు అన్నట్టే మాట్లాడింది.

"వాయిదా వద్దు. డిస్కు వదలను. అనుమానం ఉంటే ఆ మేస్త్రిని పిలిపించండి, మీ ఎదురుగానే మళ్లీ విప్పుతాడు. బాబాయిని పిలిపించండి, నోరు లేకపోయినా తల ఊపగలడు. మీరు ఆస్పత్రికి రాలేమంటే మంచంతో సహా మేమే మోసుకొస్తాం. కానీ ముందు ఇది వినాలి. చెవుల్లో పెట్టుకుని మీరొక్కరే వినడం కాదు. పక్క హాల్లో స్పీకరుంది, తెప్పించండి. తలుపు మూయండి, ఈయన బయటికి పోకుండా." సూపర్‌వైజరు వైపు చెయ్యి చూపలేదు, చూసిందంతే. "అజాగ్రత్త అన్న మాట ఎవరు రాశారో వాళ్లే, ఇక్కడే, అందరూ చూస్తుండగా కొట్టేయాలి."

అధికారి ఏదో అనబోయాడు.

"అదంతా తర్వాత" అంది ఆమె. "ఇప్పుడు షిఫ్టు మారే వేళ. మిల్లు గీకే వేళ. మా తమ్ముడి చోట ఇంకొకణ్ణి పెట్టారు, ఇప్పుడు వాడు రోలర్ల మీదికి వంగుతుంటాడు. కడ్డీ ఇంకా కట్టేసే ఉంది, పొద్దున నేనే చూశా. మీ పక్కనే ఫోనుంది. ఎత్తండి. మెయిన్ దించమని చెప్పండి. దించారని అవతలి మనిషి చెప్పేదాకా ఫోన్ పెట్టకండి."